కష్టం వచ్చినప్పుడే దేవుడు గుర్తొస్తే తప్పా?



ఈ వారం వీడియోలో గజేంద్ర మోక్షం చెప్పుకున్నాం కదా. ఆ కథ ఎప్పుడు మాటల్లోకి వచ్చినా మా ఫ్రెండ్స్‌లో ఎవరో ఒకరు ఇలా అంటారు: "బాగున్నన్ని రోజులూ గుడి వైపు వెళ్ళం. రిజల్ట్స్ ముందు రోజో, ఉద్యోగం పోయిన రోజో, ఇంట్లో ఎవరికైనా సీరియస్ అయిన రోజో మాత్రం దణ్ణం పెడతాం. దీన్ని భక్తి అంటారా, అవసరం అంటారా?"

నవ్వుతూ అన్నా, దీని వెనక నిజమైన బాధ ఉంది. నిజంగా కష్టం వచ్చినప్పుడు కొందరు దేవుణ్ణి పిలవడానికే సిగ్గుపడతారు. ఇన్నాళ్ళూ గుర్తురాని వాడిని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగాలి అని ఆగిపోతారు.

కృష్ణుడు ఏమన్నాడు?

భగవద్గీత ఏడో అధ్యాయం 16వ శ్లోకంలో, తనను కొలిచేవాళ్ళు నాలుగు రకాలని కృష్ణుడు చెబుతాడు: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. ఆర్తుడు అంటే కష్టంలో ఉండి పిలిచేవాడు. వరుసలో మొదటి పేరు అతనిదే. నలుగురినీ పుణ్యం చేసుకున్నవాళ్ళే అన్నాడు. జ్ఞాని తనకు అందరికంటే ఇష్టుడని చెప్పిన మాట నిజమే. కానీ ఆ వెంటనే, 18వ శ్లోకంలో, వీళ్ళందరూ గొప్పవాళ్ళే అన్నాడు. మిగతా ముగ్గురినీ గుమ్మం బయట నిలబెట్టలేదు. మనకి మనం పెట్టుకున్న అర్హత పరీక్ష ఆయన పెట్టలేదన్నమాట.

ఇంకోలా ఆలోచించండి. జ్వరం వచ్చినప్పుడు పిల్లాడు "అమ్మా" అని పిలిస్తే, "నిన్నంతా ఆడుకుంటూ నన్ను పట్టించుకోలేదుగా" అని ఏ తల్లీ అనదు.

గజేంద్రుడు వెంటనే పిలవలేదు

భాగవతం ఎనిమిదో స్కంధంలోని కథ ఇది. మొసలి పట్టుకోగానే గజేంద్రుడు చేతులెత్తేయలేదు. వెయ్యేళ్ళు పోరాడాడు. తోటి ఏనుగులు లాగి చూశాయి, కుదరలేదు. నీళ్ళలో మొసలికి బలం పెరుగుతోంది, ఏనుగుకి తగ్గుతోంది. తన బలం, తనవాళ్ళ బలం రెండూ అయిపోయాక పిలిచాడు. కాబట్టి ప్రార్థన అంటే ప్రయత్నం మానేయడం కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, అప్లికేషన్లు పెట్టాలి, మనుషుల్ని సాయం అడగాలి. వాటన్నిటితో పాటు ప్రార్థన.

నాకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది. పోతన గారి గజేంద్రుడికి పిలుస్తూ పిలుస్తూ మధ్యలో సందేహం వస్తుంది. ఉన్నాడంటారే, అసలు ఉన్నాడా అని. అయినా పిలవడం ఆపలేదు. ఆ సందేహంతో కలిపే ఆ పిలుపు చేరింది. కాబట్టి "నాకు పూర్తి నమ్మకం లేదు, నేను ప్రార్థించొచ్చా?" అనేవాళ్ళకి జవాబు అక్కడే ఉంది.

మరి పిలిచినా రాకపోతే?

అసలు కష్టమైన ప్రశ్న ఇది. దీన్ని దాటేసి వెళ్ళడం నాకిష్టం లేదు.

2021 మేలో మా నాన్నగారు కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్నారు. మమ్మల్ని లోపలికి రానివ్వరు. బయట చెట్టు కింద కూర్చుని నేను విష్ణు సహస్రనామం వింటుంటే, పక్కన ఒకాయన తమ్ముడి కోసం హనుమాన్ చాలీసా చదువుకునేవారు. మా నాన్నగారు ఇంటికొచ్చారు. ఆయన తమ్ముడు రాలేదు. నా ప్రార్థన గట్టిది, ఆయనది కాదు అని చెప్పడానికి నాకు నోరు రాదు. అలా ఎవరైనా చెబితే అది భక్తి కాదు, పోయినవాళ్ళ ఇంటివాళ్ళ పట్ల క్రూరత్వం.

మహాభారతం చూడండి. అభిమన్యుడు కృష్ణుడికి స్వయానా మేనల్లుడు. అయినా పద్మవ్యూహంలో చనిపోయాడు. ద్రౌపది ఐదుగురు కొడుకులూ ఒక్క రాత్రిలో పోయారు. ఆ తర్వాత అశ్వత్థామ బ్రహ్మాస్త్రం వేస్తే, అదే ఇంటి కోడలు ఉత్తర పరుగెత్తుకొచ్చి, నేనేమైపోయినా ఫరవాలేదు, కడుపులో బిడ్డ దక్కితే చాలని అదే కృష్ణుణ్ణి పట్టుకుంది. ఆ బిడ్డ బతికాడు. ఒకరు ఎందుకు పోయారు, ఒకరు ఎందుకు మిగిలారు అన్నదానికి మనం లెక్క కట్టలేం. కానీ భర్తని పోగొట్టుకున్న ఆ అమ్మాయి, ఆయన రక్షించలేదని మొహం తిప్పుకోలేదు. ఆ వెంటనే కుంతీదేవి ఇంకా వింతైన కోరిక కోరింది: మాకు ఆపదలే రానీ, అప్పుడే కదా నీ దర్శనం అని. ఆవిడకి కావలసింది కష్టం కాదు, కష్టంలో పక్కన ఉన్న మనిషి.

నాకు అర్థమైనంతవరకు ప్రార్థన ఫలితానికి గ్యారంటీ కాదు. ఆ రాత్రిని ఒంటరిగా గడపక్కర్లేదన్న ధైర్యం. చెట్టు కింద మా ఇద్దరికీ సమానంగా దొరికింది అదొక్కటే.

చివరగా ఒక మాట

గజేంద్రుడు గత జన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు. అప్పుడు నేర్చుకున్న స్తోత్రమే ఆపదలో గుర్తొచ్చిందని భాగవతం చెబుతుంది. సర్వర్ పడిపోయిన రాత్రి పనికొచ్చేది ముందే తీసిపెట్టుకున్న బ్యాకప్పే కదా! అందుకే బాగున్న రోజుల్లో ఒక ఐదు నిమిషాలు కూర్చోండి. ఒక్క నామం నోటికి అలవాటు చేసుకోండి.

ఒకవేళ మీరు ఇప్పుడే మొసలి నోట్లో ఉంటే మాత్రం, అలవాటు లేదే, మడి లేదే, మంత్రం రాదే అని ఆగకండి. వచ్చిన మాటల్లో, వచ్చిన ఏడుపుతో పిలవండి. అలాగే ఇంట్లో ఒక మనిషికి కూడా చెప్పండి. ఆయన సాయం చాలాసార్లు మనిషి రూపంలోనే తలుపు తడుతుంది.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఓం నమో నారాయణాయ.