జవాబు రాకపోతే ఏమనుకోవాలి?

మా ఆశ్రమ పాఠశాలలో చదివి ఇప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్న ఒక కోయ అమ్మాయి మొన్నటి వేసవి సెలవుల్లో ఇంటికి రాలేదు. కాలేజీ ల్యాబ్‌లోనే ఉండి, చిన్న అయస్కాంతపు గోళీని ముట్టకుండా గాల్లో నిలిపి కదిలించే పరికరానికి ఫర్మ్‌వేర్ రాసింది. ఫర్మ్‌వేర్ అంటే పరికరం లోపలి చిప్‌లో ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రాం. తర్వాత ఊరికి వచ్చినప్పుడు ఆమె చెప్పిన ఒక సంగతి నన్ను ఇంకా వదల్లేదు.

ఆ పరికరంలో పైన రాగితీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. దానిలో కరెంటు పెంచితే గోళీ పైకి లేస్తుంది, తగ్గిస్తే కిందికి జారుతుంది. సరైన కరెంటు ఎంతో ఒకసారి చూసి వదిలేస్తే సరిపోదు. మార్పులేని అయస్కాంత బలాలతో మాత్రమే ఒక అయస్కాంతాన్ని గాల్లో నిలకడగా ఉంచలేమని 1842లో శామ్యూల్ ఎర్న్‌షా ఇచ్చిన సిద్ధాంతం చెబుతుంది. అందుకే గోళీ ఎక్కడుందో సెన్సర్‌ను అడగాలి, జవాబును బట్టి కరెంటు మార్చాలి, వెంటనే మళ్ళీ అడగాలి. ఆమె ప్రోగ్రాం ఈ పనిని సెకనుకు వెయ్యిసార్లు చేస్తుంది.

ఒకరోజు సెన్సర్ తీగ ఊడిపోయింది. చిప్‌కు సున్నా కనబడింది. ఆమె రాసిన లెక్కలో సున్నా అంటే గోళీ చాలా దూరంగా పడిపోయిందని. ప్రోగ్రాం కరెంటు పెంచింది, ఇంకా పెంచింది. కరెంటు రెట్టింపైతే కాయిల్‌లో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. మాడు వాసన వచ్చి స్విచ్ తీసేసరికే తీగ మీది పూత కాలిపోయింది. గోళీ ఎప్పుడో పైకెళ్ళి కాయిల్‌కు అతుక్కుని ఉంది.

"ప్రోగ్రాం నేను చెప్పినట్టే చేసింది సార్. జవాబు రాకపోవడాన్ని కూడా నేనే ఒక జవాబు కింద లెక్కేశాను" అంది.

ఫ్యాక్టరీల్లో ఈ చిక్కుకు పాత ఉపాయం ఒకటి ఉంది. అక్కడ చాలా సెన్సర్లలో కొలత సున్నా అయినా తీగలో 4 మిల్లీ ఆంపియర్లు పారుతుంటాయి, పూర్తి కొలతకు 20 పారతాయి. ఏమీ పారకపోతే తీగ తెగిందని అర్థం. 'ఏమీ లేదు' అని చెప్పడం వేరు, ఏమీ చెప్పకపోవడం వేరు. ఆమె కూడా గోళీ లేనప్పుడు సైతం సెన్సర్ నుంచి కొంత వోల్టేజి వచ్చేలా మార్చింది. సున్నా వస్తే కరెంటు తగ్గించి ఆగిపొమ్మని ప్రోగ్రాంలో రాసింది. ప్రదర్శనకు వారమే ఉంది, తీగ గట్టిగా బిగిస్తే చాలని పైవాళ్ళు అన్నారట. ఆ వారమంతా ఆమె దీనికే పెట్టింది. ప్రదర్శన రోజు గోళీ నిలబడింది గానీ, అనుకున్నట్టు చుట్టూ తిరగలేదు. మార్కులు తగ్గాయి.

బల్లమీది గోళీ కోసం ఇంత అవసరమా? కడుపులోకి మింగిన కెమెరా మాత్రను బయటి అయస్కాంతంతో నడిపించే పరికరాలు ఇప్పటికే ఉన్నాయి. వాటికి ప్రోగ్రాం రాసేవాళ్ళు ఆ రోగి మొహం చూడరు. చేత్తో పట్టుకుని కదిలిస్తే నొప్పి పుట్టేచోట చెయ్యి ఆగుతుంది. దూరం నుంచి కదిలించేవాడికి అవతలి జవాబు తప్ప వేరే ఆధారం లేదు. ఆ అలవాటు బల్లమీది గోళీ దగ్గరే రావాలి.

ఆమె మాట విన్నాక నా తరగతి గుర్తొచ్చింది. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలను తెలుగులో "అర్థమైందా?" అని అడుగుతాను. ఎవరూ మాట్లాడరు. తొందరలో ఉన్నరోజు అర్థమైందనుకుని పేజీ తిప్పాను. విసుగ్గా ఉన్నరోజు వీళ్ళకు చదువు రాదనుకున్నాను. రెండూ నేను పూరించుకున్న జవాబులే.

మా గ్రామసభ కూడా గుర్తొచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఆ రోజు తెలుగులో కాగితం చదివారు. ముసలివాళ్ళు నేల చూస్తూ కూర్చున్నారు. 'అభ్యంతరాలు లేవు' అని రాసుకుని వెళ్ళారు.

జవాబు రాని ప్రతిసారీ ఆగిపోతే ఏ పనీ సాగదని కొందరంటారు. నిజమే, ఆగడంలోనూ నష్టం ఉంది. కరెంటు తీసేస్తే గోళీ కిందపడి పగలవచ్చు. అందుకే ఆమె కరెంటును ఒక్కసారిగా కాక మెల్లగా తగ్గించింది, కింద మెత్తటి గుడ్డ పరిచింది. ఆగిన తర్వాత చేయాల్సిన పని తీగను వెతకడం. మాట ఎక్కడ తెగింది, భాషలోనా, భయంలోనా, అడిగిన తీరులోనా అని చూడాలి. ఆ వెతుకులాట కష్టం కాబట్టే బలమున్నవాడు మౌనాన్ని తనకు అనుకూలంగా చదువుకుంటాడు.

ఇప్పుడు నా తరగతిలో అర్థం కాలేదన్న మాటను పిల్లలు కోయలోనే చెప్పవచ్చు. ఆ మాట పలకడం నేనూ వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. మొదటి వారం ఎవరూ అనలేదు. రెండో వారం వెనక వరసలోంచి ఒక పిల్లవాడు అన్నాడు. పాఠం అక్కడ ఆపి మళ్ళీ మొదలుపెట్టాను.