కారణం చెప్పని నియమం ఎందుకు పాటించాలి?

ఏకాదశి వీడియో తర్వాత మీలో చాలామంది అడిగిన మాట ఒకటే: "అన్నా, మనసులో భక్తి ఉంటే సాలదా? అన్నం మానేస్తే దేవుడికి ఏమొస్తది?" ఈసారి జవాబు కోసం మన పురాణాలు కాకుండా యూదుల సంప్రదాయం చూద్దాం.

యూదులకు ఆజ్ఞలు పదే అనుకుంటాం. వాళ్ల లెక్క 613. చేయమన్నవి 248, చేయొద్దన్నవి 365. దొంగతనం చేయొద్దంటే ఎవరికైనా అర్థమైతది. ఉన్ని, అవిసె నార కలిపి నేసిన బట్ట కట్టొద్దనడానికి మాత్రం తోరాలో కారణం లేదు. అట్లాంటివాటిని 'హుకిమ్' అంటారు. కారణం తెలిస్తేనే పాటిస్తానంటే అది నా తెలివికి నేను దండం పెట్టుకోవడమే కదా! ఈ వాదన నాకు నచ్చింది, పూర్తిగా మాత్రం కాదు. అంటరానితనాన్ని కూడా మనవాళ్లు నియమమనే అన్నారు మరి.

యూదులంటే ఎక్కడో ఇజ్రాయెల్‌లోనే అనుకోకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి. తెలుగువాళ్లే, మాదిగ కులం నుంచి వచ్చినవాళ్లు. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్లకు సబ్బాతు, అంటే పని మానే రోజు. రోజు కూలి మీద నడిచే ఇంట్లో శనివారం పని వదులుకోవడమంటే ఏంటో ఆలోచించండి. మనకైతే ఆఫీసు రెండు రోజులు సెలవిచ్చి జీతం కూడా ఇస్తది. అయినా పూజకు టైం లేదంటాం.

అదే యూదు ధర్మంలో, ఒకరి ప్రాణం మీదికొస్తే సబ్బాతును పక్కన పెట్టాలి. పెట్టొచ్చు కాదు, పెట్టాల్సిందే. రోగికి ఉపవాసం ప్రమాదమైతే, వాళ్లకు అతి పెద్దదైన యోమ్ కిప్పూర్ నాడు కూడా తినాల్సిందే. షుగర్ ఉన్న అమ్మతో ఏకాదశి చేయించి, మా ఇంట్లో ఎంత నిష్ఠో అని చెప్పుకునే కొడుకులు ఇది రెండుసార్లు చదవాలి.

ఇక మన ఆదిలాబాద్ సంగతి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా పూజ. మెస్రం వంశం గోండులు జన్నారం దగ్గర హస్తినమడుగుకు చెప్పులు లేకుండా నడిచిపోయి గోదావరి నీళ్లు తెస్తారు. బస్సులున్నాయి, జీపులున్నాయి. అయినా నడకే. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడలిని 'భేటింగ్' చేసి నాగోబాకు పరిచయం చేస్తారు. ఉద్యోగాలకు దూరం పోయినవాళ్లు కూడా ఆ పూజకు ఊరికొస్తారు. వచ్చే పుష్య అమావాస్యకు వీలైతే కేస్లాపూర్ పోయి చూడండి. ఫోన్ జేబులోనే ఉండనీయండి.