గిల్గాలు రాళ్లు, పెట్టెలోని కార్డులు



భూమిమీద ధనము కూర్చుకొనవద్దని ప్రభువు కొండమీద బోధించెను గదా, మరి అయ్యగారు పాత పోస్టుకార్డులు ఎందుకు కూర్చుచున్నారని మంగళగిరిలో ఒక యౌవనస్థుడు నన్నడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనది.

నా యొద్ద నలువది కార్డులున్నవి. అన్నియు నూరేండ్ల నాటి నదుల చిత్రములే. ఒకదానిపై 1900లో రైళ్లు నడువ నారంభించిన రాజమహేంద్రవరపు హేవ్‌లాక్ వంతెన. అది 1997లో పని చాలించెను. మరియొకదానిపై సీతానగరము కొండయొద్ద 1855లో ముగించిన కృష్ణ ఆనకట్ట. అది 1952లో తెగిపోగా, దానికి బదులు 1957లో ప్రకాశం బరాజు వచ్చెను. ఇంగ్లాండులో 1902కు ముందు కార్డు వెనుక చిరునామా మాత్రమే వ్రాయవలెను. గనుక ఆనాటివారు క్షేమసమాచారమును బొమ్మ ప్రక్కనే ఇరికించిరి. ఇట్టి గురుతులనుబట్టి కార్డు వయస్సు తెలిసికొనుట నాకు మహా సంతోషము.

మిరప కోతల దినములలో మన సంఘపు పెద్దాయన ఒకరు వచ్చి, “అయ్యగారండీ, మా తాత, మా నాయన కృష్ణ కాలువల మీద పడవ పని చేసినారు. ఆ బొమ్మ ఒకసారి చూపించండి” అనెను. ఆయన వ్రేళ్లకు మిరప కారము అంటియుండెను. కార్డు పాడగునని తలంచి, “వచ్చే ఆదివారము చూపెదను తాతా” అంటిని. ఆదివారములు గడచిపోయెను. చివరకు నేను కార్డు తీసికొని వారి యింటికి వెళ్లునప్పటికి ఆయన చూపు పోయియుండెను.

ఆయన కోపపడలేదు. “గట్టుమీద తాడు లాగేవాళ్లు కనబడుతున్నారా అయ్యగారూ?” అని మాత్రము అడిగెను. నేను అద్దము పెట్టి చూచితిని. కాలువగట్టు అంచున, నడుము వంచి పడవను లాగుచున్న ఇద్దరు మనుష్యులుండిరి. పండ్రెండేండ్లు ఆ కార్డు నా చేతిలోనున్నది. అచ్చువేసినవారి పేరు ఎరుగుదును గాని ఆ ఇద్దరిని నేనెన్నడును చూడలేదు. ఉన్నారని చెప్పగా ఆయన కార్డును తడిమి, కాకినాడనుండి మద్రాసు వరకు కాలువలలో పడవలు నడిచిన కాలపు కబుర్లు, తన తండ్రి భుజముమీది తాటి కాయ సంగతి చీకటిపడువరకు చెప్పెను.

యెహోషువ నాలుగవ అధ్యాయము చదువుడి. యొర్దాను నడుమనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలిపిరి. అవియు నదియొక్క జ్ఞాపకార్థమైనవే. అయితే వాటిని ఎవరి గుడారములోను దాచలేదు. పిల్లలు చూచి అడుగవలెను, తండ్రులు చెప్పవలెను. అందుకొరకే అవి బయట నిలిచినవి. అయినను ఆమోసు కాలమునకు గిల్గాలు పేరు పాపముతో కలిసిపోయెను. జ్ఞాపకము నిలిపిన చోటు సహా హృదయము తప్పిపోవుటకు చోటు కాగలదు.

కావున ఆ యౌవనస్థునికి నా ప్రత్యుత్తరమిదే. దాచుట పాపము కాదు. దాచినదానిని పొరుగువాని చేతికంటె ప్రియముగా ఎంచుటయే పాపము. నేనాలాగు ఎంచితిని. ఆ పెద్దాయన కన్నులకు ఆ బొమ్మను నేనిక ఇవ్వలేను.

ఇప్పుడా కార్డులు ప్రతి నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత బల్లమీద నుండును. పిల్లల చేతులు కడిగియున్నవా అని నేనడుగను. మీ యిండ్లలోను పెట్టె అడుగున పాత ఫోటోలు, ఉత్తరములు ఉండును. వాటిని చూడగోరు వృద్ధులెవరో కనుగొనుడి. వచ్చే ఆదివారమువరకు ఆగకుడి.

ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.