దాత చేయి

మనము పళ్ళు తోముకొను కోల్గేట్ వెనుకనున్న విలియం కోల్గేట్ బాప్తిస్టు విశ్వాసి. 1806లో న్యూయార్కులో సబ్బుల, కొవ్వొత్తుల వ్యాపారము పెట్టి, రాబడిలో దశమ భాగమును, పిమ్మట అంతకు మించియు దేవుని పనికిచ్చెను. 1857లో మరణించెను. ఆ కుటుంబము ఆదరించిన విద్యాలయమునకు కోల్గేట్ పేరు పెట్టినది 1890లో!

మన సంఘములలోనో, ఫ్యాను తిరుగకముందే రెక్కల మీద దాత పేరు. అంతటితో ఆగిన బాధ లేదు. సంఘ కూటములో ఆయన చేయి ఎత్తగానే తక్కిన చేతులన్నియు లేచుచున్నవి. బాప్తిస్టు పద్ధతిలో కొట్టు యజమానికిని, ఆ కొట్టులో మూటలు మోయు సహోదరునికిని ఒక్కొక్క ఓటే గదా! ఆ సహోదరుడు కాదనగలడా? మరునాడు పనికి పోవలెను. తప్పు దాతది మాత్రమే కాదు. చందా పుస్తకము పట్టుకొని మేమును మొదట ఆయన గడపే ఎక్కుచున్నాము.