వేలంలో దేవుణ్ణి గెలుచుకోవచ్చా?

ఈ మధ్య మన వయసు వాళ్లకి పాత సామాన్ల మీద మోజు పెరిగింది. ఇత్తడి కుందులు, రాగి బిందెలు, చెక్క పూజామందిరాలు ఆన్‌లైన్ వేలంలో పాడుకుని తెచ్చుకుంటున్నారు. వేలమంటేనే తప్పని నేననను. భక్తులు కానుకగా ఇచ్చిన వాచీల్ని, సెల్‌ఫోన్లని టీటీడీ కూడా ఈ-వేలంలో అమ్ముతుంది. అవి ఇష్టపడి ఇచ్చినవి, ఎక్కడి నుంచి వచ్చాయో అందరికీ తెలిసినవి.

మరి వేలానికి వచ్చింది పాత పంచలోహ విగ్రహమైతే?

మా పిన్ని గృహప్రవేశం కోసం అలాంటి వేణుగోపాలస్వామిని చూసింది. "రేటు ఎంతైనా పర్లేదురా. మనం తీసుకోకపోతే ఎవడో తీసుకెళ్లి హాల్లో షోపీస్‌గా పెట్టుకుంటాడు. మనింట్లో అయితే రోజూ దీపం వెలుగుతుంది కదా" అంది. ఈ మాటని తేలిగ్గా కొట్టిపారేయలేం. అందులో భక్తి ఉంది.

కానీ భక్తి ఉన్నంత మాత్రాన హక్కు వస్తుందా? తమిళనాడులోని పత్తూరులో 1976లో ఒక కూలీకి మట్టిలో నటరాజ విగ్రహం దొరికింది. అది చేతులు మారి లండన్ చేరింది. 1982లో ఒక కెనడా కంపెనీ డీలర్ దగ్గర దాన్ని డబ్బిచ్చే కొనుక్కుంది. పోలీసులు స్వాధీనం చేసుకున్నాక కేసు నడిచింది. హక్కు కోరిన వాళ్లలో పత్తూరు గుడి కూడా ఒక పక్షం! 1991లో అప్పీల్ కోర్టు సైతం గుడికే హక్కుందని చెప్పింది. నటరాజస్వామి ఇండియాకి తిరిగొచ్చాడు.

వేలంలో ఎవరు ఎక్కువ ఇస్తారో తేలుతుంది. అది మొదటి ఇంటి నుంచి ఎలా బయటికొచ్చిందో తేలదు. మనం ఆఫీసులో లైసెన్స్ చూడకుండా ఎవరి కోడూ వాడం కదా, దేవుడి విషయంలో మాత్రం "ప్రైవేట్ కలెక్షన్" అనే ఒక్క ముక్క చాలా?

అస్తేయం అంటే మనం దొంగతనం చేయకపోవడం ఒక్కటే అని నేననుకోను. ఇంకొకరు దొంగిలించిన దానికి గిరాకీ కాకుండా ఉండటం కూడా. పిన్ని చెప్పిన "కాపాడటం" నాకు ఇక్కడే అడ్డొస్తుంది. ఆ విగ్రహం గుడి నుంచి పోయినదైతే, మనమిచ్చే డబ్బు ఇంకో గుడి తాళం పగలగొట్టేవాడికి ధైర్యమిస్తుంది.

పాతవన్నీ దొంగసొత్తు కావు. అప్పులకో, ఆస్తి పంపకాలకో ఇళ్లలోంచి అమ్ముడుపోయినవీ ఉంటాయి. అందుకే అడగాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పం పురావస్తువే. దాన్ని రిజిస్టర్ చేయించాలి, అమ్మేవాడికి లైసెన్స్ ఉండాలి. ఆ కాగితాలు, ఇంతకుముందు ఎవరి దగ్గరుందో చెప్పే ఆధారాలు చూపించలేకపోతే వదిలేయాలి. అనుమానముంటే పోలీసులకి చెప్పాలి.

మేం అడిగితే కాగితాలు రాలేదు, "ఇంకో రెండు గంటల్లో వేలం ముగుస్తుంది" అని మెసేజ్ వచ్చింది. పిన్ని పాడలేదు. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఆ స్వామి ఎవరింటికి వెళ్లాడో అని ఆవిడకి ఇప్పటికీ దిగులే. ఆ దిగులు నాకూ ఉంది. అయినా, ఆయన కోసం ఏదో ఊళ్లో ఖాళీ పీఠం ఎదురుచూస్తుంటే, మనింట్లో ఎన్ని దీపాలు పెట్టినా ఆ గర్భగుడిలో చీకటి పోదు కదా.

మీరైతే ఏం చేసేవాళ్లు? ఒక్కసారి ఆలోచించండి. జై శ్రీకృష్ణ!