ఒడిలోని బిడ్డ

శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున హిరణ్యకశిపుడు కుమారుని చదువును పరీక్షించు ఘట్టము పాఠకమహాశయులకు సుపరిచితమే. తల్లి బాలునకు స్నానము చేయించి అలంకరించి పంపినది. తండ్రి, తన పాదములకు మ్రొక్కిన బిడ్డను లేవనెత్తి కౌగిలించుకొని, ఒడిలో కూర్చుండబెట్టుకొని, శిరస్సు మూర్కొని కన్నీటితో తడిపినాడు. నేర్చినదానిలో మేలైనది చెప్పుమని ముద్దుగా అడిగినాడు. బాలుడు నవవిధభక్తిని చెప్పినాడు. ఆ సంభాషణ ముగియునంతలో ఆ తండ్రియే ఆ బిడ్డను ఆ ఒడినుండియే నేలకు విసరివైచినాడు.

ఈ కథ వినునప్పుడు మన మనస్సు స్తంభమెప్పుడు పగులునా యని ముందునకు పరుగెత్తును. ఒడికిని నేలకును నడుమనున్న దూరమును గూర్చి ఆలోచించువారు అరుదు. హిరణ్యకశిపుడు అసురుడు, మనము కాము అని దాటిపోవుదుము. కాని వ్యాసభగవానుడు ఆయనను బిడ్డపై ప్రేమలేని తండ్రిగా చూపలేదు. అట్లయిన ఆ యింటిలోనికి ప్రమాదమెట్లు వచ్చినది?

మొదటిది మానని దుఃఖము. తమ్ముడు హిరణ్యాక్షుడు హతుడైనప్పుడు ఆయన తల్లికిని మరదలికిని ఆత్మ నశింపదని వేదాంతము బోధించినాడు. అందరిని ఓదార్చినాడు గాని తన గుండెలోని మంటను ఆర్పుకొనలేదు. ఆ మంట ఏండ్లు గడచిన పిదప ఆ వైరముతో సంబంధమే లేని పసివానిపై పడినది. రెండవది, బిడ్డ తాను కోరినట్లే ఉండవలెనను పట్టుదల. కుమారుని మాట ఆయన చెవికి కుమారుని మాటగా వినబడలేదు, తన ప్రభుత్వమునకు ధిక్కారముగా వినబడినది. ఇక చండామార్కులు తమ తప్పు లేదని నిరూపించుకొను తొందరలోనే యున్నారు. అలంకరించి పంపిన తల్లి మాట ఆపైన ఆ ఘట్టమున మనకు వినబడదు. ఆమెను నిందింపరాదు. ఇంటిలో తల్లికే నోరు లేనప్పుడు బిడ్డకు రక్షణ ఎక్కడిది?

ధ్రువుని యింట అసురులెవ్వరును లేరు. సురుచి పలికిన పరుషవాక్యములు అందరికిని జ్ఞాపకమే. సవతితల్లిని దూషించుట సులభము. అయిదేండ్ల బిడ్డ ఏడ్చుచు వెడలిపోవుచుండగా చూచుచు ఊరకుండిన తండ్రిని ఏమందుము?

2007లో కేంద్రప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 13 రాష్ట్రములలో జరిపించిన పరిశీలనలో, ప్రశ్నింపబడిన బాలలలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తినుచున్నారని తేలినది. కుటుంబములో దెబ్బలు తిన్నవారిలో నూటికి 88 మందికి పైగా తల్లిదండ్రుల చేతనే తిన్నారు. మద్యము, అప్పులు, ఆలుమగల కలహము, మంచిచెడ్డలు చూచు పెద్దదిక్కు లేకుండుట, రోగముచేతనో అంగవైకల్యముచేతనో బిడ్డకు అధికసేవ కావలసివచ్చుట, తల్లిదండ్రులు తామే బాల్యమున దెబ్బలు తినియుండుట, ఇవి యున్నచోట జాగ్రత్త వలయునని ఈ విషయమును పరిశీలించినవారు చెప్పుదురు. ఇవి యున్న ప్రతి యింటను క్రౌర్యముండునని కాదు. పూరిగుడిసెలో బిడ్డను కంటికి రెప్పవలె చూచుకొనువారిని మనమెరుగుదుము. మేడలలోని కేకలు బయటకు వినబడవు, అంతే.

కడపటి కారణమును గూర్చి నేను అనుభవముతో చెప్పగలను. పాఠశాలలో నాకు శబ్దరూపములు బెత్తముతోనే వచ్చినవని చిరకాలము గర్వముగా చెప్పుకొంటిని. పిదప అదే బెత్తము నా చేతికి వచ్చినది. ఒకనాడు ఇంట కుమారునకు అమరకోశము చెప్పుచు, జారిన ఉత్తరీయము సవరించుకొనుటకై చేయి యెత్తితిని. వాడు వెంటనే రెండు చేతులతోను తల కప్పుకొనినాడు. నాకు కోపము లేదు, కొట్టు తలంపును లేదు. కాని నా చేయి యెట్టిదో వానికి తెలియును. ఆనాడు పాఠము సాగలేదు.

యశోదమ్మ కథ అంతకుముందు ఎన్నిమారులు పురాణము చెప్పితినో! పాలు పొంగిపోవుచున్నవి. చిలుకుచున్న కుండ పగిలినది. వెన్న కోతుల పాలైనది. అలసిన ఆ తల్లికి కోపము రాదగిన కారణములన్నియు ఒకేసారి వచ్చినవి. కఱ్ఱ చేతబట్టి తరిమి బాలకృష్ణుని పట్టుకొనినది. కాని బిడ్డ భయపడినాడని గ్రహించినంతనే ఆ కఱ్ఱను పారవైచినది. త్రాటికి రెండంగుళములు తక్కువైన ముచ్చటను విస్తరించి చెప్పుచు, పారవైచిన కఱ్ఱను నేను ఒక్క మాటతో దాటించుచుంటిని.

ప్రహ్లాదుని శ్రీహరియే కాపాడినాడు గదా, మనము చేయవలసినదేమున్నదని కొందరందురు. ఇంటి గుట్టు లంకకు చేటని మరికొందరు నోరు మూయింతురు. లంక చెడినది విభీషణుడు నోరు విప్పుటచేత కాదు, రావణుడు చెవి యొగ్గకుండుటచేత. పొరుగింట పసిబిడ్డ ఏడ్పు అలవాటుగా వినబడుచున్నచో 1098 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. బాలల సహాయమునకే ఏర్పడిన సంఖ్య అది. బిడ్డ సంరక్షణలో నున్నవారు క్రూరముగా హింసించినచో 2015 నాటి బాలన్యాయచట్టము మూడేండ్లవరకు శిక్ష విధించుచున్నది.

కాని ఫోనుకంటె ముందు చేయదగిన పని యొకటి కలదు. గర్భవతియైన కయాధువును ఇంద్రుడు పట్టుకొనిపోవుచుండగా అడ్డముగా నిలిచి, భర్త తిరిగివచ్చువరకు తన ఆశ్రమమున ఉంచుకొన్నది నారదుడే. అడవిదారి పట్టిన ధ్రువుని ఎదుర్కొని తలపై చేయి వైచి పలుకరించినదియు ఆయనయే. అంతటితో ఆగక ఆ మహర్షి తిన్నగా ఉత్తానపాదుని మందిరమునకు పోయినాడు. మొగము వాడియున్నదేమని రాజును అడిగినాడు. అదివరకు ఒక్కరును ఆ ప్రశ్న వేసినట్లు లేదు. రాజు, తాను భార్యకు లొంగి పసివానిని వెడలనడచితినని, వాని మొగము అడవిలో ఎంత వాడినదో యని వగచుచు తన తప్పును తన నోటనే చెప్పుకొనినాడు.