అడ్డగీత

విజయవాడలో ఒక డీటీపీ సెంటర్‌లో ఓ కుర్రాడు పనిచేసేవాడు. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు, ఏది వచ్చినా ఫొటోషాప్‌లో ఇట్టే చేసిచ్చేవాడు. అక్షరాలకు మెరుపులద్దడంలో అతనిది అందె వేసిన చెయ్యి. ఎక్కడ ఆపాలో మాత్రం తెలియదు.

ఒకరోజు ఆటోనగర్ నుంచి ఒక మేస్త్రి వచ్చాడు. లిఫ్టు తలుపులకూ హోటల్ కౌంటర్లకూ వాడే స్టెయిన్‌లెస్ స్టీలు రేకు మీద సన్నగీతల హెయిర్‌లైన్ ఫినిష్ తేవడం ఆయన పని. షెడ్డుకు బోర్డు కావాలన్నాడు. “అక్షరాలు మా రేకులోంచి కోసి తీసినట్టుండాలి బాబూ” అని చెప్పి, అడ్వాన్సు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

కుర్రాడు సాయంత్రానికల్లా పని ముగించాడు. ప్రతి అక్షరానికీ తెలుపు నుంచి నలుపుకు దిగే గ్రేడియెంట్, అంచులు ఉబ్బెత్తుగా కనిపించే లావుపాటి బెవెల్, కింద డ్రాప్ షాడో, చుట్టూ నీలం గ్లో. అది సరిపోదేమోనని మూలకొక నక్షత్రం మెరుపు కూడా.

మర్నాడు మేస్త్రి వచ్చి తెర వంక చూశాడు. “బాగుంది. కానీ ఇది పూతేసిన నగలా ఉంది. మా రేకు ఇట్టా ఉండదు” అన్నాడు.

“ఇంకొంచెం షైనింగ్ పెంచమంటారా మేస్త్రిగారూ?”

మేస్త్రి నవ్వి, సంచిలోంచి అరచేతి వెడల్పు రేకు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. “దీని షైనింగ్ తీసెయ్యడానికే నాకు కూలి ఇస్తారు.”

కుర్రాడు రేకు మీదికి వంగాడు. ఎమెరీతో రుద్దిన సన్నటి గీతలు, అన్నీ ఎడమ నుంచి కుడికి. పైన బల్బు వెలుగు గుండ్రంగా పడలేదు, గీతల వెంట పారనూ లేదు. గీతలకు అడ్డంగా, నిలువు పట్టీలా సాగింది. మేస్త్రి ముక్కను పావు వంతు తిప్పాడు. పట్టీ కూడా దానితోపాటే తిరిగింది.

“ఇన్ని గీతలు పెడితే రేకు పాడైనట్టు కాదా?”

“అద్దంలా ఉండే రేకైతే మొదటి వేలిముద్రే మచ్చయి కూర్చుంటుంది. దీని మీద రోజూ వందమంది చేతులు పెట్టినా అంత తొందరగా తెలియదు. కాకపోతే గీతలన్నీ ఒకవైపే పోవాలి. ఒక్కటి అడ్డం పడిందా, తలుపు మొత్తంలో కనిపించేది అదొక్కటే.”

కుర్రాడు పాత ఫైలు మూసేసి కొత్తది తెరిచాడు. ఈసారి అక్షరాల జోలికి పోకుండా ముందు రేకు తయారుచేశాడు. తెరంతా బూడిద రంగు నింపి యాడ్ నాయిస్ కొట్టాడు. మోనోక్రోమాటిక్ టిక్కు పెట్టకపోతే ఎరుపూ పచ్చా నీలమూ చుక్కలు పడతాయి, స్టీలు కాస్తా రంగు టీవీ అవుతుంది. తర్వాత మోషన్ బ్లర్, కోణం సున్నా. చుక్కలన్నీ సాగి అడ్డగీతలయ్యాయి. ఈ ఫిల్టర్ దగ్గర చిక్కొకటుంది: కుడి, ఎడమ అంచుల్లో గీతలు పాడవుతాయి. అందుకని కాన్వాసు ముందే కావలసినదానికన్నా వెడల్పుగా తీసుకుని, చివర్లో అంచులు కోసేశాడు. ఆ పైన, రేకు ముక్క మీద చూసినట్టే, గీతలకు అడ్డంగా రెండు నిలువు వెలుగుపట్టీలు సాఫ్ట్ లైట్‌లో వేశాడు. అప్పుడు ఆ రేకును క్లిప్పింగ్ మాస్క్‌తో పేరులోకి దించాడు. మొదటి అక్షరంలో మొదలైన గీత చివరి అక్షరం దాకా ఒకే వరసలో సాగింది.

ఇక బెవెల్. ఇంగ్లిషు పెద్దక్షరాలకు పది పిక్సెళ్లు పెట్టినా చెల్లుతుంది. కానీ ఈ బోర్డు పేరు చివర ‘స్టీల్స్’ ఉంది. టవత్తు అంత మందాన్ని మోయలేక పూడుకుపోయింది. కుర్రాడు ఒత్తును షేపుగా మార్చి వేరే లేయర్‌లో పెట్టి, పాత పెళ్లికార్డు ఫైలులోంచి సన్న బెవెల్ ఉన్న స్టైల్ కాపీ చేసి అతికించాడు.

మేస్త్రి చూశాడు. తల పంకించాడు. కాసేపటికి వేలు తిన్నగా టవత్తు దగ్గరికి పోయింది. “ఇదేంటి బాబూ, దీనికి ఎండ కిందనుంచి కాస్తోంది?”

నిజమే. పెళ్లికార్డు స్టైల్‌లో అన్నిటికీ వెలుగు ఒకే దిక్కునుంచి పడేలా చూసే యూజ్ గ్లోబల్ లైట్ టిక్కు లేదు. మిగతా అక్షరాలకు పై అంచు మెరుస్తుంటే ఒత్తుకు కింది అంచు మెరుస్తోంది. ఫొటోషాప్ పేరైనా పలకడం రాని మనిషి దాన్ని అర నిమిషంలో పట్టేశాడు. రోజంతా ఆయన చేసేదీ అదే, వేల గీతల్లో అడ్డం పడ్డదాన్ని వెతకడం. కుర్రాడు టిక్కు పెట్టాడు. బోర్డు ప్రింటుకెళ్లింది.

నీతి: లోహపు అక్షరాన్ని లోహంలా చూపించేది మెరుపు కాదు, పొందిక. గీతలు ఒకవైపుకు, వెలుగు ఒకచోటునుంచి.

నీతి కథ అన్నాక ఈ ముక్క చెప్పక తప్పదు గానీ, ఇది ఒక్క కుర్రాడికి పట్టిన జబ్బు కాదు. 1999లో ఆపిల్ తన క్విక్‌టైమ్ 4 ప్లేయర్‌కు ఇలాంటి గీతల లోహపు ముఖమే తొడిగింది. సినిమాలు చూసే కిటికీని చేతిలో పట్టుకునే యంత్రంలా చూపాలన్న ఉబలాటం. ఆ తొడుగు ఐట్యూన్స్‌కూ సఫారీకీ పాకింది, 2003 నాటికి ఫైళ్లు చూసుకునే ఫైండర్‌కూ ఎక్కింది. ఏ కిటికీకి లోహం, ఏ కిటికీకి తెల్ల గీతలు అన్నదానికి వాడేవాళ్లకు లెక్క దొరకలేదు. 2007లో లెపర్డ్ అనే కొత్త మ్యాక్ వెర్షన్‌తో ఆ తొడుగు తీసేసి, కిటికీలన్నిటికీ ఒకే బూడిద రంగు ఇచ్చారు. నన్నడిగితే అక్కడ తప్పు లోహానిది కాదు. ఒక తెర మీద రెండు మూడు లోకాలు కలిపి వేలాడదీయడంలో ఉంది. టవత్తుకు జరిగిందీ అదే.

మీరు ఇలాంటి అక్షరాలు చేసేవారైతే, ప్రింటుకు పంపేముందు ఫైలును ఎడమ కుడిగా తిప్పి ఒకసారి చూడండి. అలవాటైన పేరు కాస్తా చదవరాని ఆకారమవుతుంది, కన్ను అక్షరాన్ని వదిలి అంచుల మీదికి పోతుంది. వెలుగు పక్కదారి పట్టిన చోటు అప్పుడు దొరుకుతుంది. గీతలు మరీ సన్నగా ఉంటే అసలు కొలతలో ఒక మూర ముక్క ప్రింటు తీయించండి. తెర మీద వెంట్రుకంత ఉన్న గీత, చిన్న ఫైలును ఇరవై అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే వేలంత పట్టీ అవుతుంది.